ఖాళీ సింహాసనం – మూడు గ్రంథాలు: ఇథియోపియా ‘అధిపతుల యుగం’పై కథన పరిశీలన

ప్రవేశిక

సాహిత్య చరిత్రకారుడు ఒక కాలానికి పెట్టే పేరు ఆ కాలం మీద ఆయన ఇచ్చే మొదటి తీర్పు. మన సాహిత్య చరిత్రల్లో 1775 నుంచి 1875 వరకు గల నూరేళ్లను ‘క్షీణయుగం’గా వ్యవహరించడం పరిపాటి. త్యాగరాజు (1767–1847) కృతులు చాలావరకు ఈ నూరేళ్లలోనే వెలువడ్డాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేసి, ఆ వృత్తాంతాన్ని వచనంలో రాసిపెట్టింది ఈ కాలంలోనే. బ్రౌను వ్రాతప్రతులను సేకరించి నిఘంటువు కూర్చిందీ అప్పుడే. క్షీణించింది రాజాస్థానం, దానిని ఆశ్రయించి బతికిన ప్రబంధం. పేరు మాత్రం యావత్తు వాఙ్మయానికీ అంటుకుంది.

దాదాపు ఇదే కాలంలో ఇథియోపియాలో గోండర్ కేంద్రంగా ఉన్న సామ్రాజ్యం బలహీనపడి, ప్రాంతీయ ప్రభువులు అధికారం కోసం పరస్పరం పోరాడారు. 1769 నుంచి 1855 వరకు సాగిన ఈ దశను ఆ దేశంలో ‘జెమెనె మెసాఫింత్’ అంటారు. ‘అధిపతుల యుగం’ అని దీనిని తెలుగు చేయవచ్చు. ఈ రెండు ‘క్షీణ’ కాలాల మధ్య కార్యకారణ సంబంధం ఏదీ లేదు. రాజు బలహీనపడినప్పుడు చరిత్ర రాసేవారి చూపు ఎలా మారుతుందన్న ప్రశ్న మాత్రం రెండింటికీ ఉమ్మడిది. ఆ ప్రశ్నను ఇథియోపియా విషయంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. గీజ్, అమ్హారిక్ భాషల్లోని మూలాలను అనువాదాల ద్వారా, పరిశోధకుల వివరణల ద్వారా గ్రహించి చేసిన పరిశీలన ఇది. కనుక భాషాశైలి జోలికి పోకుండా కథన నిర్మాణానికే చర్చ పరిమితం.

ఈ వ్యాసం చేసే ప్రతిపాదన ఇది: అధిపతుల యుగాన్ని కత్తులు ఎంత నడిపాయో గ్రంథాలూ అంత నడిపాయి. ఒక గ్రంథం ఆ యుగానికి పేరు పెట్టింది. మరొకటి ఆ కాలమంతటా సింహాసనాన్ని ఖాళీగా నిలిపి ఉంచింది. ఇంకొకటి ఆ ఖాళీని పూరించే నాయకుణ్ణి ముందుగానే ఊహించి పెట్టింది. ఈ మూడింటి చూపులోనే నేటికీ ఆ కాలాన్ని చదవడం వల్ల, ఆ కలహాల భారం మోసిన ప్రజలు కథనం వెలుపలే ఉండిపోయారు.

చారిత్రక రంగం

ఫాసిలిదెస్ చక్రవర్తి 1636లో గోండర్‌ను రాజధానిగా చేసుకున్నాడు. అంతకుముందు గుడారాల శిబిరాలతో సంచరించే రాజసభకు రాతికోటలు, శాశ్వత నివాసం ఏర్పడ్డాయి. స్థిరపడిన రాజసభలో కుట్రలు కూడా స్థిరపడ్డాయి. 1706లో మొదటి ఇయాసు హత్యకు గురయ్యాడు. 1730లో బకాఫా మరణించాక ఆయన రాణి మెంతెవాబ్ మొదట కుమారుడు రెండవ ఇయాసు పేరిట, తరువాత మనుమడు ఇయోఆస్ పేరిట చక్రం తిప్పింది. ఇయోఆస్ తల్లి ఒరోమో ఆడపడుచు. ఆస్థానంలో నాయనమ్మ తరఫు క్వారా బంధువులకూ, తల్లి తరఫు ఒరోమో బంధువులకూ పొసగలేదు. ఈ తగవు తీర్చడానికి ఉత్తరాన తిగ్రాయ్‌ను పాలించే రాస్ మికాయేల్ సెహుల్‌ను పిలిపించారు. ‘రాస్’ అంటే శిరస్సు. అది చక్రవర్తి కొలువులో అత్యున్నత బిరుదు.

తగవు తీర్చ వచ్చినవాడు తుపాకుల సైన్యంతో వచ్చి రాజ్యాన్నే చేతుల్లోకి తీసుకున్నాడు. 1769లో ఇయోఆస్‌ను చంపించి, వృద్ధుడైన రెండవ యోహన్నెస్‌ను గద్దెమీద కూర్చోబెట్టాడు. ఆ వృద్ధుడు యుద్ధానికి వెంటరానన్నాడు. కొద్ది నెలల్లోనే విషప్రయోగానికి బలయ్యాడని చెబుతారు. ఆయన కుమారుడు తెక్లె హైమనోత్ తదుపరి చక్రవర్తి అయ్యాడు. 1771లో సర్బాకుసా యుద్ధంలో ప్రత్యర్థి ప్రభువుల కూటమి చేతిలో మికాయేల్ ఓడిపోయాడు. ఆయన చూపిన దారి మాత్రం చెరిగిపోలేదు. చక్రవర్తిని మార్చగలిగినవాడే అసలు పాలకుడన్న సూత్రం అందరికీ తెలిసిపోయింది.

1780ల నుంచి యెజ్జు ప్రాంతానికి చెందిన ఒరోమో మూలాల వంశం గోండర్‌పై పట్టు సాధించింది. మొదటి అలీతో ఆరంభమైన ఈ వరుస రెండవ అలీ (1831–53) దాకా సాగింది. తిగ్రాయ్‌లో వొల్దె సెలాసీ, ఆ తరువాత సబగాదిస్, ఆపైన వూబె ప్రబలులయ్యారు. గొజ్జామ్‌కు తన ప్రభువులు తనకున్నారు. దక్షిణాన షెవా దాదాపు స్వతంత్రంగా మెలగింది. 1853లో ఐషల్ వద్ద రెండవ అలీని, 1855లో దెరస్గె వద్ద వూబెను ఓడించిన కస్సా హైలు రెండవ తెవొద్రోస్‌గా పట్టాభిషిక్తుడు కావడంతో ఈ యుగం ముగిసిందని సాధారణ నిర్ణయం.

ఈ కాలనిర్ణయాన్నే ఒకసారి పరికించాలి. ఒక రాజు హత్యతో యుగం మొదలై మరొక రాజు పట్టాభిషేకంతో ముగుస్తున్నది. అధిపతుల పేరుమీద ఉన్న యుగానికి రెండు పొలిమేర రాళ్లూ రాజులే. షిఫెరావ్ బెకెలె 1990లో ప్రచురించిన పునర్వ్యాఖ్యానంలో ఈ దశను 1786 నుంచి 1853 వరకు లెక్కించి, యెజ్జు ప్రభువుల ఏలుబడిలో ఒక రాజ్యవ్యవస్థ ఉండేదని వాదించాడు. సరిహద్దు రాళ్లను కొద్దిగా జరిపితే అరాచకంగా కనిపించినది వ్యవస్థగా కనిపించడం ఆరంభించింది. కాలవిభజన కూడా కథన నిర్మాణంలో భాగమేనని చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

మొదటి గ్రంథం: పేరులోని తీర్పు

‘మెసాఫింత్’ అన్న మాటకు ప్రభువులు, అధిపతులు అని అర్థం. ఇథియోపియా క్రైస్తవులకు ఆ మాట మరొకదాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. తెలుగు బైబిలులో ‘న్యాయాధిపతులు’ అని పిలిచే పాత నిబంధన గ్రంథానికి వారి భాషలో పేరు ‘మెసాఫింత్’. ఇశ్రాయేలులో రాజు లేడనీ, ఎవరికి తోచినట్లు వారు ప్రవర్తించారనీ ఆ గ్రంథం చివరి అధ్యాయాల్లో పల్లవిలా వినిపిస్తుంది. ఇథియోపియా రచయితలు తమ కాలాన్ని ఆ గ్రంథంతో పోల్చినప్పుడు వారి మనసులో ఉన్నది ఈ పల్లవే.

ఇది సామాన్యమైన ఉపమ కాదు. ఇథియోపియా రాజవంశం తనను ఇశ్రాయేలు వారసత్వంగా భావించుకున్నది. కనుక ఉపమానానికీ ఉపమేయానికీ మధ్య దూరం దాదాపు లేదు. న్యాయాధిపతుల గ్రంథం తరువాత సమూయేలు గ్రంథాలు, వాటిలో దావీదు రాజ్యస్థాపన వస్తాయి. ఒక కాలానికి ‘మెసాఫింత్’ అని పేరు పెట్టడమంటే దాని తరువాత ఒక రాజు వచ్చి తీరాలని చెప్పడమే. పేరులో నింద ఉంది. నిరీక్షణ కూడా ఉంది.

అయితే ఈ పోలిక మూలగ్రంథాన్ని పూర్తిగా వాడుకోలేదు. అదే గ్రంథంలో గిద్యోనును ప్రజలు పాలకుడివి కమ్మని అడిగితే ఆయన నిరాకరిస్తాడు. ఆయన కుమారుడు యోతాము చెప్పిన కథ కూడా అందులోనే ఉంది. చెట్లన్నీ తమకొక రాజు కావాలని బయలుదేరి ఒలీవను, అంజూరాన్ని, ద్రాక్షను అడుగుతాయి. ఫలమిచ్చే చెట్లు తమ పని మానుకొని రాజరికానికి రామంటాయి. చివరకు ముళ్లపొద ఒప్పుకుంటుంది. రాజరికం మీద ఇంత పదునైన వ్యంగ్యం ప్రాచీన వాఙ్మయాల్లో అరుదు. ఆపై సమూయేలు కూడా, రాజు వస్తే మీ కుమారులను, పొలాలను, పంటలను తీసుకుంటాడని ప్రజలను హెచ్చరిస్తాడు. అంటే మూలగ్రంథ పరంపర రాజు లేకపోవడాన్నీ, రాజు ఉండడాన్నీ రెండింటినీ అనుమానంతో చూసింది. ఆ పేరు వాడినవారు ఒక పల్లవిని స్వీకరించి, ముళ్లపొద కథను పక్కన పెట్టారు. ఈ ఎంపికలోనే ఆస్థాన దృక్పథం బయటపడుతున్నది.

రెండవ గ్రంథం: సింహాసనాన్ని ఖాళీగా ఉంచిన కథ

ఈ యుగాన్ని చదివేవారికి మొదట తట్టే సందేహం ఒకటుంది. రాస్‌ల చేతిలో సైన్యం, భూమి, ఆదాయం ఉన్నాయి. చక్రవర్తిని ఎప్పుడంటే అప్పుడు మార్చగల శక్తి ఉంది. అలాంటప్పుడు వారిలో ఎవరూ తామే చక్రవర్తులమని ఎందుకు ప్రకటించుకోలేదు?

దీనికి సమాధానం ‘కెబ్రె నెగస్త్’లో ఉంది. ‘రాజుల వైభవం’ అని అర్థమిచ్చే ఈ గీజ్ గ్రంథం 14వ శతాబ్దంలో నేటి రూపం దాల్చింది. షేబా రాణికి సొలొమోను వల్ల కలిగిన మెనెలిక్ ఇథియోపియా రాజవంశానికి మూలపురుషుడని, దైవమందసం ఆ దేశానికి తరలివచ్చిందని అది చెబుతుంది. సొలొమోను రక్తం లేనివాడు ఆ సింహాసనానికి అర్హుడు కాడన్న భావన ఈ కథ ద్వారా ధర్మశాస్త్రమంత బలం పుంజుకుంది. యెజ్జు ప్రభువులు క్రైస్తవం స్వీకరించినా, రాజకుటుంబాలతో వియ్యమందినా ఈ కథలో వారికి చోటు దొరకలేదు. సైన్యం ఉన్నవాడికి వంశం లేదు. వంశం ఉన్నవాడికి సైన్యం లేదు. ఈ రెండింటినీ విడిగా ఉంచింది ఒక గ్రంథం.

ఫలితంగా పోరాటం స్వరూపమే మారింది. ప్రభువులు సింహాసనం కోసం పోరాడలేదు. సింహాసనానికి కాపలాదారు కావడం కోసం పోరాడారు. కూర్చోబెట్టడానికి సొలొమోను వంశీయుడొకడు ఎప్పుడూ కావాలి. గోండర్ రాజులు తమ దాయాదులను వెహ్ని అనే కొండమీద బంధించి ఉంచే ఆచారం ఇప్పుడు వారి ప్రత్యర్థులకు అక్కరకు వచ్చింది. శామ్యూల్ జాన్సన్ 1759లో ‘రాసెలాస్’ రాస్తూ, కొండల నడుమ సుఖాల మధ్య బందీ అయిన అబిసీనియా రాకుమారుణ్ణి ఊహించాడు. ఆ ఊహలో బందీ తనంతట తాను లోకం చూడడానికి బయటకు వస్తాడు. వాస్తవంలో బందీని మరొకరు తమ అవసరం కొద్దీ బయటకు తెస్తారు, అవసరం తీరాక తిరిగి పంపుతారు.

తెక్లె గియోర్గిస్ ఉదంతం దీనికి పరాకాష్ఠ. 1779కీ 1800కీ మధ్య ఆయన ఆరుసార్లు సింహాసనమెక్కాడు. అన్నిసార్లు ఎక్కాడంటే అన్నిసార్లు దిగాడన్నమాట. ‘ఫెసామె మెంగిస్త్’, అంటే రాజ్యాన్ని ముగించినవాడు, అన్న పేరు ఆయనకు స్థిరపడింది. రాజ్యం ముగిసిపోవడం ఆయన చేసిన పని కాదు, ఆయనకు జరిగిన పని. కథన వ్యాకరణంలో చెప్పాలంటే కర్తగా ఉండవలసిన రాజు కర్మగా మారాడు. అయినా నెపం మాత్రం కర్త స్థానంలో ఆయన మీదనే పడింది.

కాపలాదారు పదవి ఎంత చంచలమో 1842 నాటి దెబ్రె తాబోర్ యుద్ధం చూపుతుంది. వూబె సైన్యం రెండవ అలీ సైన్యాన్ని ఓడించింది. అలీ పారిపోయాడు. గెలిచిన వూబె విజయోత్సవంలో మునిగి ఉండగా అలీ పక్షానికి చెందిన బిర్రు అలీగాజ్ వచ్చి ఆయనను బంధించాడు. ఓడినవాడు తిరిగి వచ్చి పాలకుడయ్యాడు. నాటకకర్త కల్పిస్తే అతిగా ఉందనిపించే ఘట్టం ఇది. ఇక్కడ వ్యక్తుల మూర్ఖత్వం కన్నా వ్యవస్థ స్వభావం గమనించదగింది. అధికారానికి ఆధారం గద్దె కానప్పుడు, అది ఆ పూట శిబిరంలో ఎవరున్నారన్న దానిమీద ఆధారపడుతుంది.

నాయకుడు లేని వృత్తాంతం

విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’ నాయక ప్రకరణంతో ఆరంభమవుతుంది. నాయకుని గుణసంపద మీద కావ్యగౌరవం ఆధారపడుతుందన్నది ఆ సంప్రదాయ విశ్వాసం. గోండర్ రాజవృత్తాంతకారులు మన అలంకారశాస్త్రాన్ని ఎరుగరు. కానీ వారి ప్రక్రియ కూడా ఇటువంటి విశ్వాసం మీదే నిలిచింది. రాజు పుట్టుక, పట్టాభిషేకం, దండయాత్రలు, ఆలయ నిర్మాణాలు, మరణం అన్న క్రమం ఆ ప్రక్రియకు అస్థిపంజరం. ప్రతి సంవత్సరాన్నీ నలుగురు సువార్తికుల్లో ఒకరి పేరుతో వ్యవహరిస్తూ వారు సంఘటనలను నమోదు చేసేవారు.

రాజు ఏ పనీ చేయలేని కాలంలో ఈ ప్రక్రియ ఏమవుతుంది? 1769 నుంచి 1840 వరకు గల రాజవృత్తాంతాన్ని హెర్బర్ట్ వెల్డ్ బ్లండెల్ 1922లో ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. అందులో రాజుల పాలనాక్రమం చట్రంగా అలాగే ఉంది. చట్రం లోపల కదిలేవారు మాత్రం రాస్‌లు. రచయిత విధేయత ఒకరిమీద, కథ నడిచేది మరొకరి వల్ల. ఈ పొంతన లేనితనం నుంచే రాజరికం చులకనై పోయిందన్న విలాపం పుడుతుంది. ఆ విలాపం నిజాయితీ గలదే. కానీ అది ఒక ప్రక్రియ తన నాయకుణ్ణి పోగొట్టుకొని చేసిన విలాపం. దానిని దేశమంతటి అనుభవంగా చదివే ముందు ఈ తేడాను గుర్తించాలి.

ఇదే కాలాన్ని బయటివాడు ఎలా చూశాడో తెలియడానికి స్కాట్లండ్ యాత్రికుడు జేమ్స్ బ్రూస్ రచన ఉంది. ఆయన 1770 ఫిబ్రవరిలో గోండర్ చేరి, 1771 చివరిదాకా ఆ దేశంలో ఉన్నాడు. అంటే మికాయేల్ ప్రాభవాన్నీ పతనాన్నీ దగ్గరగా చూశాడు. 1790లో అయిదు సంపుటాలుగా తన యాత్రను ప్రచురించాడు. అప్పటికే ఇంగ్లండులో చాలామంది ఆయన చెప్పినవాటిని కట్టుకథలన్నారు. చూసినదానికీ అచ్చయినదానికీ మధ్య సుమారు ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ వ్యవధిలో పాత్రలకు దీర్ఘ సంభాషణలు, నాటకీయమైన సన్నివేశాలు సమకూరాయి.

మన చర్చకు కావలసిన విషయం ఇది. రాజవృత్తాంతకారుడు రాజు లేడని వగచినచోట బ్రూస్‌కు నాయకుడు దొరికాడు. క్రూరుడు, మేధావి, వృద్ధుడు అయిన మికాయేల్ ఆయన రచనలో విషాదనాటక ప్రతినాయకునిలా ఎదుగుతాడు. మరణదండన పొందినవారి శవాలు గోండర్ వీధుల్లో పడి ఉండడం, రాత్రివేళ హైనాలు తిరగడం ఆయన వర్ణించాడు. వృత్తాంతంలో ధర్మచ్యుతిగా ఉన్నది యాత్రాచరిత్రలో భీభత్సరసంగా మారింది. రెండు రచనల దృష్టీ కోటగోడలకు ఆవలికి ఎక్కువగా పోలేదు. కోటలోని మనుషుల్లో ఎవరిని మధ్యన నిలపాలన్న దానిలోనే వాటి భేదం.

మూడవ గ్రంథం: ముందే రాసిపెట్టిన నాయకుడు

‘ఫిక్కారె ఇయేసూస్’ అనే గీజ్ గ్రంథం ఒక జోస్యం చెబుతుంది. కష్టకాలం తరువాత తెవొద్రోస్ అనే రాజు వచ్చి ధర్మంగా పాలిస్తాడు. 1855 ఫిబ్రవరిలో దెరస్గె మర్యామ్ ఆలయంలో కస్సా హైలు పట్టాభిషిక్తుడై స్వీకరించిన పేరు ఇదే. ఆ ఆలయాన్ని కట్టించింది ఆయన ఓడించిన వూబె. ఒకరు కట్టించిన వేదిక మీద, మరొకరు రాసిన పాత్రలోకి ఆయన ప్రవేశించాడు.

కస్సా క్వారా సరిహద్దు ప్రాంతపు మనిషి. కొంతకాలం బందిపోటు నాయకుడిగా బతికాడు. ఆయన తల్లి బద్దెపురుగులకు మందైన కోసోను అమ్ముకుని బతికిందని ప్రత్యర్థులు ఎగతాళి చేసేవారు. వంశం లేదన్న ఆక్షేపణకు జోస్యం జవాబైంది. ఆపై సొలొమోను వంశావళి కూడా ఆయనకు సమకూరింది. కెబ్రె నెగస్త్ మూసిన తలుపును ఫిక్కారె ఇయేసూస్ తెరిచింది. ఒక గ్రంథాన్ని దాటడానికి ఆయనకు మరొక గ్రంథం కావలసి వచ్చింది.

ఆయన కథను చెప్పే వృత్తాంతంలోనూ మార్పు వచ్చింది. దెబ్తెరా జెనెబ్ తెవొద్రోస్ వృత్తాంతాన్ని పాత సంప్రదాయం ప్రకారం గీజ్‌లో కాకుండా అమ్హారిక్‌లో రాశాడు. రాజవృత్తాంతం జనభాషలోకి దిగిన సందర్భం ఇది. నాయకుడు దొరికాడు, ప్రక్రియ కొత్త భాషతో ప్రాణం పోసుకుంది.

20వ శతాబ్దపు రచయితలు ఇక్కడి నుంచే అందుకున్నారు. గిర్మాచ్యూ తెక్లె హవార్యాత్, సెగాయె గెబ్రె మెధిన్ ఆయనపై నాటకాలు రాశారు. బెర్హాను జెరిహున్ ‘తెవొద్రోస్ కన్నీరు’ అనే నవల రాశాడు. అబ్బె గుబెగ్నా నవలకు పెట్టిన పేరుకు ‘తల్లికి ఒక్కడే’ అని అర్థం. కోసో అమ్మిన తల్లి అన్న నింద ఆ శీర్షికలో గౌరవంగా మారింది. సాహ్లె సెలాసీ బెర్హానె మర్యామ్ ఆంగ్లంలో రాసిన ‘వారియర్ కింగ్’ 1974లో వెలువడింది. చక్రవర్తి హైలె సెలాసీ పదవీచ్యుతుడైనది కూడా ఆ సంవత్సరమే.

ఈ రచనలన్నీ ఒకే మూసలో ఉన్నాయని చెప్పడం సరికాదు. అయితే కథావస్తువు ఎంపికలోనే ఒక నిర్ణయం దాగి ఉంది. పేదింటి బిడ్డ అంధకారాన్ని చీల్చుకొని వచ్చి దేశాన్ని ఏకం చేయడం ఇతివృత్తమైనప్పుడు, ఆ అంధకారం ఎంత గాఢంగా ఉంటే నాయకుడు అంతగా వెలుగుతాడు. ప్రతినాయకోత్కర్ష వల్ల నాయకోత్కర్ష సిద్ధిస్తుందని మనవారు చెప్పారు. ఇక్కడ ప్రతినాయకుని స్థానంలో ఒక వ్యక్తికి బదులు ఒక యుగం నిలిచింది. అధిపతులు విడివిడి మనుషులుగా మిగలక ఉమ్మడి చీకటిగా కలిసిపోయారు.

కథనం వదిలేసినవి

ఈ చీకటిలో కలిసిపోయిన విషయాలు కనీసం మూడు.

మొదటిది, ఆ పోరాటాల బంధుత్వ స్వభావం. యెజ్జు వారిని పరాయివారిగా చూపే ధోరణి వృత్తాంతాల నుంచీ వస్తున్నది. వాస్తవంలో కస్సా మొదటి భార్య తెవాబెచ్ రెండవ అలీ కూతురు. ఆమె మరణించాక ఆయన వూబె కూతురును పెళ్లాడాడు. మికాయేల్ సెహుల్ భార్య ఆస్తెర్ రాణి మెంతెవాబ్ కూతురు. ఇవి జాతుల మధ్య యుద్ధాలు కావు; చాలావరకు వియ్యాలతో అల్లుకున్న ఒకే పాలకవర్గంలోని దాయాదుల పోరు. జాతి ఒక్కటే నాటి రాజకీయాలను నిర్ణయించలేదని డొనాల్డ్ క్రమ్మీ వంటి చరిత్రకారులు ఇదివరకే చూపారు. పరాయివారు వచ్చి పాడుచేశారన్న కథనం ఆ వర్గాన్ని తప్పించి, నిందను ఒక ప్రజాసమూహం మీదికి నెడుతుంది.

రెండవది, విద్య. రాజసభ పేదదైనా మఠాల్లో, ఆలయాల్లో చదువు ఆగలేదు. గీజ్ ఆశుకవిత్వమైన ‘కెనె’కు గొజ్జామ్ పాఠశాలలు పేరెన్నికగన్నవి. ఒకే పద్యంలో పైకి ఒక అర్థం, లోపల మరొక అర్థం నిలిపే దాని పద్ధతిని ‘మైనం–బంగారం’ అంటారు. శ్లేషను, ద్వ్యర్థి కావ్యాలను ఎరిగిన తెలుగువారికి ఇది వెంటనే ఆత్మీయమవుతుంది. రాజును మధ్యలో నిలపకుండా బతికిన ఈ కవిత్వం ఆ యుగపు పేరులో ఎక్కడా వినపడదు.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రైతు. ఆ కాలపు సైన్యాలకు క్రమమైన జీతం లేదు. అవి నడిచిన దారిలోని ఊళ్లమీద పడి తినేవి. ప్రభువు గెలిచినా ఓడినా గాదె ఖాళీ అయ్యేది రైతుదే. ఈ బాధకు కారణం రాజు లేకపోవడమా, జీతం లేని సైన్యమా అన్నది అడగవలసిన ప్రశ్న. తెవొద్రోస్ ఈ ప్రశ్నను అర్థం చేసుకున్నాడు. దోపిడి మానిపించి సైనికులకు జీతమివ్వాలని ప్రయత్నించాడు. అందుకు కావలసిన ఆదాయం కోసం చర్చి భూముల జోలికి వెళ్లి మతాధికారులతో వైరం తెచ్చుకున్నాడు. చివరి సంవత్సరాల్లో ఆయన సైన్యమూ దోచుకునే బతికింది. 1866లో ఆయన గోండర్‌ను కొల్లగొట్టి తగలబెట్టించాడు. అధిపతులు ఎనభై ఏళ్లకు పైగా కలహించినా మిగిలిన నగరం, వారిని అణచిన చక్రవర్తి చేతిలో బూడిదైంది. యుగాంతం అన్న మాటను ఆ ఊళ్ల రైతుల వైపు నుంచి చూస్తే అది ఎప్పుడు వచ్చిందో చెప్పడం కష్టం.

గోండర్ ఆలయాల నుంచి తెచ్చిన వ్రాతప్రతులను తెవొద్రోస్ మక్దలా కొండకోటలో చేర్చాడు. 1868లో నేపియర్ నాయకత్వాన బొంబాయి నుంచి కదిలిన సైన్యం ఆ కోటను పట్టుకుంది. తెవొద్రోస్ ఏప్రిల్ 13న ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దండయాత్రలో భారతీయ సిపాయిలు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. మద్రాసు శాపర్ల దళాలు కూడా ఉన్నాయి. కొల్లసొమ్మును 15 ఏనుగుల మీద, సుమారు 200 కంచరగాడిదల మీద దింపి వేలం వేశారు. సుమారు 350 వ్రాతప్రతులు బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఆ యుగాన్ని చదవడానికి కావలసిన ఆధారాలు కూడా ఆ యుగపు విజేతల చేతులు మారుతూ వచ్చినవేనని దీనివల్ల తెలుస్తున్నది. మన ప్రాంతపు సైనికులు ఆ చేతుల్లో భాగం కావడం ఇథియోపియా చరిత్రను మనకు పూర్తిగా పరాయిది కాకుండా చేస్తున్నది.

వాటితో కెబ్రె నెగస్త్ ప్రతి కూడా తరలిపోయింది. అనంతర కాలంలో చక్రవర్తి అయిన నాలుగవ యోహన్నెస్ 1872లో లండనుకు ఉత్తరం రాసి, ఆ పుస్తకం లేనిదే తన ప్రజలు తనకు విధేయులుగా ఉండరన్న కారణం చూపుతూ దానిని తిరిగి ఇమ్మని కోరాడు. బ్రిటిష్ మ్యూజియం దానిని తిరిగి ఇచ్చింది. ఫిరంగుల కన్నా ముందు పుస్తకాన్ని అడిగే అవసరం ఒక రాజుకు కలిగిందంటే, ఆ సింహాసనం దేనిమీద నిలబడిందో వేరే చెప్పనక్కరలేదు.

ముగింపు

న్యాయాధిపతుల గ్రంథం ఈ యుగానికి పేరునూ తీర్పునూ ఇచ్చింది. కెబ్రె నెగస్త్ బలవంతులను సింహాసనానికి అడుగు దూరంలో ఆపి, వారి పోరాటాన్ని అంతులేనిదిగా చేసింది. ఫిక్కారె ఇయేసూస్ ఆ పోరాటానికి ముగింపునూ, ముగించేవాడి పేరునూ సమకూర్చింది. రాజవృత్తాంతం, ఆధునిక నాటకం, నవల ఈ మూడు గ్రంథాల నీడలో నడిచాయి. బ్రూస్ యాత్రాచరిత్ర ఆ నీడలో లేకపోయినా కోటలోపలి నాయకుణ్ణే వెదికింది.

ఇలా అనడం అధిపతుల పాలనను సమర్థించడం కాదు. వారి సైన్యాలు తిన్నది రైతు పంటే. అయితే ఆ నేరాన్ని ‘రాజు లేని కాలం’ ఖాతాలో వేస్తే, రాజు వచ్చాక అదే జరిగినప్పుడు దానికి పేరు లేకుండా పోతుంది. యోతాము కథలో ఫలమిచ్చే చెట్లు రాజరికాన్ని నిరాకరించాయి. ఆ యుగంలో ఫలమిచ్చినవారు ఎవరు, నీడ లేని ముళ్లపొదలు ఎవరన్న విచారణ ఆ పేరును దాటి చూసినప్పుడే సాధ్యం.

తెలుగు పరిశోధకులకు ఇందులో ఒక పని మిగిలి ఉంది. ‘క్షీణయుగం’ అన్న మాటను పాఠ్యప్రణాళికల్లో, సిద్ధాంతవ్యాసాల్లో మనం ఇంకా అలవాటుగా వాడుతున్నాం. క్షీణించింది ఏమిటి, ఎవరి దృష్టిలో క్షీణించింది, ఆ మాట వాడినప్పుడు ఎవరి రచనలు కనుమరుగవుతున్నాయి అన్న మూడు ప్రశ్నలు వేసుకోకుండా ఆ పేరును ఇకముందు వాడడం తగదు.